చీమల జట్టుకు నేను వీరాభిమానినైన వైనం

ఐర్లండులో అద్దె ఇల్లు దొరక్క ఏడ్చినవాళ్లు కోకొల్లలు. అందులో వింతేమీ లేదు. కానీ నోటిదాకా వచ్చిన ఇంటిని, ఆఫ్రికాలోని ఒక ఫుట్‌బాల్ జట్టు పుణ్యమా అని, నా నోటితోనే చెడగొట్టుకోబోయిన ఘనత మాత్రం నాకొక్కడికే దక్కుతుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మీరూ నవ్వండి, నేనేం అనుకోను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అత్లోన్‌లో ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కొత్తగా వచ్చిన రోజులవి. షానన్ నది పక్కన ఒక పాత ఇంట్లో, మరికొందరు బ్రహ్మచారులతో కలిసి ఉండేవాణ్ని. నేను బ్రహ్మచారిని కాను, ఆ ఇంట్లో అలా చలామణి అవుతున్నానంతే. మా ఆవిడ సునీత, మా పాప హన్మకొండలో పెట్టెలు సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. వీసాలు వచ్చేశాయి. రావాల్సింది ఇల్లొక్కటే.

"ఏమాయె? ఇల్లు దొర్కిందా?" ఫోన్ ఎత్తగానే సునీత మొదటి మాట అదే.

"చూస్తున్న."

"ఎప్పుడడిగినా చూస్తున్న, చూస్తున్న. చూసుడేనా, తీసుకునుడు ఉన్నదా? పిల్లను అక్కడ బడిల ఎయ్యాలె. ఇల్లు లేకుంట నేనైతే విమానం ఎక్క. ముందే చెప్తున్న."

ఆవిడ అన్నమాట మీద నిలబడే మనిషి. ఇక్కడేమో ఇల్లు చూడ్డానికి రమ్మంటే, వాకిట్లో పెళ్లి భోజనాల బంతి కోసం కాచుకున్నట్టు జనం ఉండేవారు. అందరూ నాకంటే ముందొచ్చినవాళ్లు, నాకంటే బాగా నవ్వగలిగినవాళ్లు. నా వంతు వచ్చేసరికి ఇల్లు ఎవరికో ఇచ్చేశామని చల్లగా చెప్పేవారు.

అలాంటి రోజుల్లో ఒక ప్రకటన కంటపడింది. అత్లోన్‌లోనే, బడికి దగ్గర్లో ఇల్లు. యజమాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో 'బండ' అని ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. మా వైపు బండ అనే ఇంటిపేరు వీధికొకటి కనిపిస్తుంది. నాకు లెక్కలు చెప్పిన మాస్టారు బండవారే. వంటగ్యాసు సిలిండర్‌ను కూడా బండ అనే పిలుచుకునే జాతి మాది. ఇంకేం, మనవాడే అనుకున్నాను. వెంటనే ఫోన్ కలిపాను.

"నమస్తే అన్నా! మీరు బండోళ్లా? మాది హన్మకొండ. మీదే ఊరన్నా?"

అవతల నుంచి మంద్రస్వరంలో ఇంగ్లీషు వినిపించింది. "క్షమించండి, మీ భాష నాకు తెలియదు. నా పేరు బండా. మాది జాంబియా."

బుద్ధి ఉన్నవాడెవడైనా ఇక్కడ "సారీ" చెప్పి, ఇల్లు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారని అడుగుతాడు. నేను అలా అడిగి ఉంటే మీకు ఈ కథా లేదు, నాకు ఆ అవస్థా లేదు. పోయిన పరువును ఎలాగైనా అప్పటికప్పుడు వెనక్కి తెచ్చుకోవాలనిపించింది.

"జాంబియానా! నాకు జాంబియా అంటే ప్రాణమండీ."

"అవునా? ఎప్పుడైనా వెళ్లారా?"

"లేదండీ. ఫుట్‌బాల్ వల్ల." జాంబియాలో ఫుట్‌బాల్ ఆడతారో లేదో నాకు తెలియదు. ఎక్కడైనా ఆడతార్లే అన్న ధైర్యం.

"మీకు ఏ జట్టు ఇష్టం?"

"మీ ఊరి జట్టే సార్."

"మా ఊరేదో నేను చెప్పలేదే!"

"మీ మాట వింటే తెలిసిపోదా సార్!"

పట్టుబడిపోయానని అనుకునేంతలో ఆయన గొంతులో ఆనందం పొంగింది. "చీమలా? మీరు చీమల జట్టు అభిమానా?"

"చిన్నప్పటి నుంచీ!" అన్నాను. ఆ జట్టు పేరు పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి.

ఆయన డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాడట. అంతకుముందు అత్లోన్‌లో ఉండేవాడట, ఆ ఇల్లు అప్పటిది. "శనివారం రండి. నేను డబ్లిన్ నుంచి రైల్లో వస్తాను. ఇల్లు సంగతి తర్వాత, ముందు మనం చీమల గురించి మాట్లాడుకోవాలి," అన్నాడు. ఇల్లు నాదే అనిపించింది. చీమలు ఎవరో తెలుసుకోవడం ఒక్కటే మిగిలింది.

నేను క్రికెట్ మనిషిని. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా చేత్తో పట్టుకోకూడదని మాత్రమే. ఆ జట్టు గురించి ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా పనికొచ్చే పేజీ ఒకటే దొరికింది. ఎంట్రన్స్ పరీక్షకు కూడా అంత దీక్షగా చదివి ఉండను. మధ్యాహ్న భోజనం వేళ నది ఒడ్డున బల్ల మీద కూర్చుని, బాతులు వింటుండగా, పైకి వల్లె వేశాను. "చీమల జట్టు గని లోతుల్లో పుట్టి వెలుగులోకి వచ్చిన జట్టు. దాని చరిత్ర ఆ పట్టణం చరిత్రే. ఒకటి గెలిస్తే రెండోది నవ్వుతుంది." ఇలా సాగుతుంది ఆ పేజీ.

అదొక రాగి గనుల పట్టణం. పొద్దున్నే కార్మికులు నెత్తిన దీపాలతో బారులు తీరి గనిలోకి దిగుతుంటే, గుట్ట మీది నుంచి చీమల బారులా కనిపించేవారట. వాళ్లే ఒక జట్టు కట్టారు. గనిలో వేసుకునే బరువైన బూట్లతోనే ఆడేవారు. ఆ బూట్ల తాకిడికి భయపడి అవతలి జట్లు దూరంగా పరిగెత్తేవట. నెమ్మదిగా పెద్ద జట్టయి దేశమంతా పేరు తెచ్చుకుంది. తర్వాత గని మూతపడింది. మంచి ఆటగాళ్లు వలసపోయారు, జట్టు కింది తరగతి పోటీలకు జారిపోయింది. ఇక ఎత్తేయడమే అనుకున్న సమయంలో సంతలో టమాటాలు అమ్మే ఆడవాళ్లు ముందుకొచ్చి, టమాటాలు తెచ్చే లారీనే ఆటగాళ్లకు ఇచ్చారు. ఆ లారీలో ఊరూరా తిరిగి ఆడి, మళ్లీ పై తరగతికి ఎక్కారు. చదువుతుంటే, చెప్పొద్దూ, నాకే ఆ జట్టు మీద ఇష్టం పుట్టింది.

ఇక తాజా పరిస్థితి. సొంత మైదానంలో వాళ్లకు ఎదురులేదు. బయటి ఊళ్లకు వెళ్తే మాత్రం వరసగా ఓటములే, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు చేతిలో కూడా. రక్షణ వరసలోని ఆటగాళ్లకు వయసైపోయింది. మేనేజర్ మొన్ననే వెళ్లిపోయాడు. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా వచ్చేసింది.

శనివారం వెళ్లి తలుపు కొట్టాను. తెల్లజుట్టు ఐరిష్ పెద్దావిడ తలుపు తీసింది. పేరు బ్రీడా. "బండా రైలు ఆలస్యమట. లోపలికి రా లవ్, నేను చూపిస్తాను. ఈ ఇంటి మంచీ చెడ్డా చూసుకునేది నేనే," అంది. ఆవిడ పక్కింటావిడ. తాళంచెవి ఆవిడ దగ్గర ఉంటుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం బండా గారి భార్య అనుకున్నాను. అంటే ఈవిడా చీమల కుటుంబమే అని తేల్చుకున్నాను.

గుమ్మం దాటానో లేదో ఆవిడ నవ్వుతూ, "హౌజ్ ద ఫామ్?" అంది.

ఈ దేశంలో ఆ మాటకు 'ఎలా ఉన్నావు' అని అర్థం. 'గ్రాండ్' అంటే సరిపోతుంది. ఆ ముక్క నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. మన తెలుగువాళ్లకు ఫామ్ అంటే ఒకటే, ఆటగాడు ఫామ్‌లో ఉన్నాడా లేడా అన్నదే. పరీక్ష మొదలైందని సర్దుకుని నిలబడ్డాను.

"నిజం చెప్పాలంటే ఈమధ్య ఏం బాలేదండీ. ఇంటి దగ్గరైతే మాకు ఎదురులేదు. బయటికెళ్తే చాలు, చావుదెబ్బలు తింటున్నాం."

బ్రీడా నవ్వు ఆగిపోయింది. "దెబ్బలా! ఎవరు కొడుతున్నారు?"

"ఒకరని ఏం చెప్పను? అందరూ కొడుతున్నారు. పోయిన వారమైతే ఏ లెక్కా లేనివాళ్లు కూడా కొట్టిపోయారు."

"అయ్యో దేవుడా! గార్డ్స్‌కు చెప్పలేదా?"

ఇక్కడ గార్డ్స్ అంటే పోలీసులు. నేను రక్షణ వరస ఆటగాళ్లనుకున్నాను. గోల్‌కు కాపలా కాసేది వాళ్లే కదా, తప్పేముంది?

"అసలు సమస్యంతా గార్డ్స్‌తోనే అండీ! ముసలివాళ్లయిపోయారు. పరిగెత్తలేరు. ఎదుటివాడు వచ్చి తన్నిపోతుంటే చూస్తూ నిలబడతారు."

"ఆ మాట మాత్రం నిజమే," అంది బ్రీడా నన్ను వంటగదిలోకి తీసుకెళ్తూ, ఎప్పటి అనుభవమో గుర్తొచ్చినట్టు. నాకు ధైర్యం వచ్చింది.

"దానికి తోడు మేనేజర్ కూడా వెళ్లిపోయాడు. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు."

"అయితే నీ ఉద్యోగం..."

"నాదేముందండీ, నేను మారను. ఎన్ని కష్టాలొచ్చినా చీమలను మాత్రం వదలను. చిన్నప్పటి నుంచీ ఉన్నాయి."

బ్రీడా చెయ్యి అక్కడున్న కుర్చీని పట్టుకుంది. "చీమలా?"

"చీమలే! ఇంటి దగ్గర వాటి సత్తా మీకు తెలియంది కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ వాటిని ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"ఎన్ని ఉంటాయి?"

ఈ ప్రశ్న మరీ తేలిగ్గా ఉందే అనుకున్నాను. "పదకొండు. బెంచీ మీద ఇంకొన్ని."

"బెంచీ మీద కూడానా!" బెంచీ అంటే వంటగట్టే అనుకుందేమో, బ్రీడా దానివైపు భయంగా చూసింది. తర్వాత అలమరా తలుపు తీసి, మెరిసిపోతున్న లోపలి భాగం నాకు చూపించింది. "మీ దగ్గర ప్రెస్‌లోకి కూడా వస్తాయా?"

ఐర్లండులో అలమరాను ప్రెస్ అంటారు. ఆ తలుపు ఆవిడ ఎందుకు తీసిందో నేను ఆలోచించలేదు. ప్రెస్ అంటే నాకు పత్రికలే.

"భలేవారే! ప్రతి వారం ప్రెస్ నిండా అవే కదండీ!"

"ఈ ఇంటికి కూడా తెస్తావా వాటిని?"

జట్టు ఫొటోల గురించి కాబోలనుకున్నాను. "మీరు సరేనంటే ఆ గోడ నిండా పెట్టుకుంటాను. మా పాపకు కూడా అలవాటు చేస్తాను."

బ్రీడా అలమరా తలుపు గట్టిగా మూసింది. "బండాతో ఒక్క మాట మాట్లాడొస్తాను," అంటూ ఫోన్ పట్టుకుని వాకిట్లోకి దాదాపు పరిగెత్తింది. నా ప్రతిభకు తట్టుకోలేక వెంటనే శుభవార్త చెప్పడానికి వెళ్తోందనుకున్నాను. ఇక ఆగలేకపోయాను. అక్కడే నిలబడి హన్మకొండకు ఫోన్ చేశాను.

"సునీతా, టికెట్లు బుక్ చెయ్యి!"

"నిజంగనా? ఇల్లు దొర్కిందా?"

"ఇంట్లనే నిలబడి మాట్లాడుతున్న."

అందులో అబద్ధం లేదని మీరు గమనించాలి. ఆవిడ వెంటనే బుక్ చేసేసింది. రద్దు చేసుకోవడానికి వీల్లేని టికెట్లట. అవి తక్కువకు వచ్చాయని సంబరపడుతూ సందేశం పెట్టింది.

ఇంతలో గేటు చప్పుడైంది. పొడుగాటి మనిషి, రైలు దిగి వడివడిగా నడిచొచ్చినట్టున్నాడు. బ్రీడా గేటు దగ్గరే ఆయన్ను ఆపేసింది. కిటికీ తెరిచే ఉంది.

"బండా, ఈ మనిషి వద్దు. వీధిలోకి వెళ్తే చాలు ఎవరో ఒకరు కొడుతున్నారట. పోలీసులు నిలబడి చూస్తున్నారట. మేనేజర్ వెళ్లిపోయాడట, ఉద్యోగం ఉందో ఊడిందో చెప్పడు. వీటన్నిటినీ మించి, చీమలను పెంచుతున్నాడు! లెక్కపెట్టి మరీ పెంచుతున్నాడు! వంటగట్టు మీద!"

ఒక్కొక్క మాటా వింటుంటే, ఇందాక ఆవిడ అడిగిన ఒక్కొక్క ప్రశ్నా నాకు అప్పుడు అర్థమవుతూ వచ్చింది. అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. టికెట్లు బుక్ అయిపోయాయి. ఇల్లు లేదు. భార్యనూ పాపనూ విమానాశ్రయం నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలి? నలుగురు మగాళ్లు ఉండే ఆ పాత ఇంటికా? నాకు నిజంగా ఏడుపొచ్చింది.

బండా లోపలికి వచ్చి నాకెదురుగా కూర్చున్నాడు. బ్రీడా చేతులు కట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బ్రీడా, చీమలంటే పురుగులు కావు. అదొక ఫుట్‌బాల్ జట్టు."

"జట్టుకు చీమలని ఎవరు పేరు పెడతారు?"

"మా ఊరివాళ్లు పెడతారు." ఆయన గొంతు సవరించుకుని గంభీరంగా మొదలుపెట్టాడు. "చీమల జట్టు గని లోతుల్లో పుట్టి వెలుగులోకి వచ్చిన జట్టు."

"దాని చరిత్ర ఆ పట్టణం చరిత్రే," అన్నాను నేను, అలవాటుకొద్దీ.

"ఒకటి గెలిస్తే..." అన్నాడాయన.

"రెండోది నవ్వుతుంది," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను.

"ఏ పేజీ?" అని ఆయన చిన్నగా అడిగాడు.

"దొరికింది ఒకటే సార్."

"నాకూ అదే దొరికింది. రైల్లో చదువుకున్నాను."

చిన్నప్పుడెప్పుడో వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని ఒక మ్యాచ్ చూశాడట. అంతే. తర్వాత ఊరు వదిలేశాడు, ఆటా వదిలేశాడు. ఆయనకు ఇష్టమైనవి గులాబీ మొక్కలు. "ఎక్కడి నుంచో ఒకతను ఫోన్ చేసి, చిన్నప్పటి నుంచీ మా ఊరి జట్టుకు అభిమానినంటే, ఆ ఊళ్లో పుట్టిన నేను ఏం తెలియదని ఎలా చెప్పను? సిగ్గేసింది. మేనేజర్ వెళ్లిపోయాడని కూడా నాకు ఈ పొద్దుటిదాకా తెలియదు."

ఆయన అంత చెప్పాక ఇంకా దాచడం నా వల్ల కాలేదు. "సార్, నాకు ఫుట్‌బాల్ రాదు. ఇంటిపేరు చూసి మీరు మా ఊరివాళ్లనుకున్నాను. నా భార్య టికెట్లు కొనేసింది. నాకు ఇల్లు కావాలి. అంతే సార్."

బండా చేత్తో గుమ్మం వైపు చూపించాడు. "నేను ఉండేది డబ్లిన్‌లో. గోడకు ఆ పక్కన ఉండేది ఆవిడ. ఆవిడనే అడగండి."

బ్రీడా నా ముందుకొచ్చి విచారణ మొదలుపెట్టింది.

"చీమలు?"

"లేవండీ."

"ఉద్యోగం?"

"ఉందండీ."

"నిన్నెవరూ కొట్టడం లేదా?"

"లేదండీ."

ఆవిడ ముఖంలో కాస్త నిరాశ కనిపించింది. "ఇందాకే మా అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఇప్పుడు ఏదీ నిజం కాదని మళ్లీ చెయ్యాలా?" అని విసుక్కుంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "ఇల్లు ఇచ్చెయ్ బండా. ఈ అబ్బాయికి అబద్ధమాడటం చేతకాదు. అలాంటివాడు పక్కింట్లో ఉంటే మనకే మంచిది."

అలా ఇల్లు దొరికింది. సునీతా పాపా దిగారు. పెట్టెలు ఇంకా విప్పకముందే బ్రీడా అప్పుడే కాల్చిన బ్రెడ్ తీసుకుని వచ్చింది. పాపను ముద్దు చేసింది. సునీత చెయ్యి పట్టుకుని జాలిగా నిమిరింది.

"ఇంక భయపడకమ్మా. ఈ వీధిలో మీ ఆయన్ను ఎవరూ కొట్టరు. నేను చూసుకుంటాను."

ఆవిడ వెళ్లిపోయాక సునీత నా వైపు తిరిగింది.

"ఎవరు కొట్టిండ్రు నిన్ను?"

"ఎవ్వరు కొట్టలే."

"మరి గామె గట్లెందుకంటది?"

"అది పెద్ద కథ."

"చెప్పు. నాకేం తొందర లేదు."

చెప్పాను. గార్డ్స్ దగ్గర నవ్వింది. చీమల దగ్గర కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఫోన్ చేసి టికెట్లు బుక్ చెయ్యమన్న చోటికి వచ్చేసరికి నవ్వడం మానేసింది.

"అంటే అప్పటికి ఇల్లు దొరకనే లేదా?"

"దొరికినట్టే ఉండె."

"దొరికినట్టే! చిన్నపిల్లను పట్టుకొని ఇల్లు లేని ఊరికి వస్తుంటిమా? లే. లేసి నిలబడు. ఒట్టెయ్యి."

లేచి నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి, పాపా పెట్టెలూ సాక్షిగా ఒట్టు వేశాను. ఇంటిపేరు చూసి ఎవరినీ అన్నా అని పిలవను. ఎవరి ఊరి జట్టుకూ అభిమానిని కాను. ఫామ్ ఎలా ఉందని ఎవరడిగినా గ్రాండ్ అని నోరు మూసుకుంటాను. తెలియనిది ఎవరు అడిగినా, ఎంత కష్టమైనా, ఎంత పరువు పోయినా, తెలియదనే చెప్తాను.

"గట్లనా?" అంది సునీత, పెట్టెలోంచి కుక్కర్ తీసి నా ముందు పెడుతూ. "వచ్చిన కాన్నుంచి రోజూ నేనే వండుకుంటున్న, పప్పుచారు మస్తుగ కుదిరింది అని ఫోన్ల చెప్తుంటివి గద. ఇయ్యాల నువ్వే చెయ్యి. చెప్పు, పప్పుల నీళ్లు ఎన్ని పొయ్యాలె?"

ఇన్నాళ్లూ వంట చేసింది మా గదిలో ఉన్న నెల్లూరు అబ్బాయి. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"తెలియదు," అన్నాను.